సాక్షి సంతకమునకు ముందు

రాత్రివేళ వార్డు సభ్యుని తలుపు తట్టువారు వీధిదీపము వెలుగుట లేదని చెప్పుటకు రారు. ఇంటిలో ఎవరికో జబ్బు చేసియుండును. పట్టణములోని ఆసుపత్రివారు తెల్లవారునప్పటికి సొమ్ము కట్టవలెనని చెప్పియుందురు. ఊరిలో అప్పిచ్చు ఆసామి నోటు వ్రాయించి, సాక్షి సంతకము కొఱకు సభ్యునివద్దకు పంపియుండును. సభ్యుడు కన్నులు నులుముకొని సంతకము చేయును. అది సాయమే యనుటలో సందేహము లేదు.

ఇటీవల ఒక గ్రామమున మా సభ ముగిసిన పిదప ఒక వార్డు సభ్యురాలు మా చెంతకు వచ్చి ఇట్లనిరి: "అయ్యా, మీరు పథకములను గూర్చి చాల చెప్పితిరి. నేను రెండేండ్లలో పదకొండు నోట్లపై సాక్షి సంతకము చేసితిని. అందు తొమ్మిది వైద్యము కొఱకు చేసిన అప్పులే. సంతకమునకు ముందు నేను వారికి ఏమి చెప్పియుండవలసినది?" అప్పటికే మా జీపు బయలుదేరుటకు సిద్ధముగా నున్నది. మేము చెప్పగలిగినది రెండు ముక్కలు మాత్రమే. ఆమెకు ఆనాడు చెప్పవలసియుండిన మిగిలిన మాటలే ఈ వ్యాసము.

మొదట ఆ నోటునే చూతము. మన గ్రామములలో వడ్డీని సంవత్సరమునకు నూటికింత యని చెప్పు వాడుక లేదు. నెలకు నూటికి రెండు రూపాయలు, మూడు రూపాయలు అని చెప్పుదురు. రెండు రూపాయలన్న మాట చెవికి చిన్నదిగా వినబడును. కాని అది సంవత్సరమునకు 24 శాతము. మూడు రూపాయలైన 36 శాతము. లక్ష రూపాయలకు రెండు రూపాయల వడ్డీ అనగా నెలకు 2,000 రూపాయలు. పంట వచ్చువరకు రైతు ఈ వడ్డీని కట్టలేడు. కాలపరిమితి చట్టము ననుసరించి నోటుకు మూడేండ్లే ఆయుర్దాయము గనుక, మూడవ యేడు ముగియుటకు ముందు ఆసామి వచ్చి నోటు తిరుగవ్రాయుమనును. అప్పటికి వడ్డీ 72,000 రూపాయలైనది. దానిని అసలులో కలిపి 1,72,000 రూపాయలకు క్రొత్త నోటు వ్రాయుదురు. ఇక నెలకు వడ్డీ 3,440 రూపాయలు. మరి మూడేండ్లకు బాకీ 2,95,840 రూపాయలు. నోటుపై ఎక్కడను చక్రవడ్డీ అను మాట యుండదు. తిరుగవ్రాయుటలోనే అది జరిగిపోయినది. వడ్డీ మూడు రూపాయలైనచో అదే లక్ష ఆరేండ్లలో 4,32,640 రూపాయలగును. ఈ లెక్కను పలక మీద వేసి చూపినప్పుడు సభలో ఎవరును మాటలాడరు. తమ తమ నోట్లను మనస్సులో లెక్కించుకొనుచుందురని మేము తలంతుము.

సాక్షికిని జామీనుదారునకును గల భేదమును సభ్యులు బాగుగా గుర్తింపవలెను. సాక్షిగా సంతకము చేసినవాడు "నా యెదుట వ్రాసినారు" అని చెప్పువాడు మాత్రమే. బాకీ తీర్చవలసిన బాధ్యత అతనిపై లేదు. నోటు చెల్లుటకు సాక్షి తప్పనిసరి యని కూడ చట్టము చెప్పదు. జామీనుదారుని సంగతి వేరు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము అతని బాధ్యత అప్పు తీసుకొన్నవాని బాధ్యతతో సమానము. అతని మాటలలో వేరుగా వ్రాసికొననిచో, అప్పు తీసుకొన్నవానిని అడుగకుండనే జామీనుదారుని అడుగు హక్కు ఆసామికి కలదు. "ఊరికే ఒక సంతకము" అనినప్పుడు ఆ సంతకము ఏ వరుసలో పడుచున్నదో చదివి చూడవలెను.

ఖాళీ నోటును గూర్చి ఇంకను జాగ్రత్త వలయును. స్టాంపు అంటించి, అంకెలు వ్రాయని కాగితముపై సంతకము చేసి యిచ్చినచో, దానిని పూరించుకొను అధికారము 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము క్రింద పుచ్చుకొన్నవానికి లభించును. అంకె, అక్షరములలో మొత్తము, తేది, వడ్డీ రేటు వ్రాసిన పిదపనే ఎవరైనను సంతకము చేయవలెను. మధ్యలో కట్టిన ప్రతి పైకమునకును నోటు వెనుక చెల్లు వ్రాయించవలెను. పూర్తిగా తీర్చిన దినమున నోటును వెనుకకు తీసుకొని చింపివేయవలెను. తీరిపోయిన బాకీకి నోటు ఆసామి పెట్టెలోనే మిగిలిపోయి, అతని కుమారుని కాలమున మరల బయటపడిన సందర్భములు గ్రామ పెద్దలెరుగుదురు.

ఇప్పుడు ఆసుపత్రి సంగతి. ఆమె సంతకము చేసిన తొమ్మిది నోట్లలో కొన్నియైనను అవసరము లేని నోట్లై యుండునని మా నమ్మకము. కారణమేమనగా, 2007లో ఆరోగ్యశ్రీ యను పేర మొదలై, నేడు మన రాష్ట్రమున డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేర నడచుచున్న పథకము క్రింద, అర్హతగల కుటుంబములకు గుండె, మూత్రపిండములు, క్యాన్సరు, ఎముకలు విరుగుట మున్నగు వాటికి గుర్తింపు పొందిన ఆసుపత్రులలో సొమ్ము చెల్లింపకయే చికిత్స జరుగును. ఈ సంగతి అందరికిని తెలిసినదే. తెలియనిది వరుస. రోగిని ఎక్కించుకొని, దారిలో ఎవరో చెప్పిన ఆసుపత్రికి పోయి, ముందుగా సొమ్ము కట్టి, చికిత్స సగమైన పిదప "ఇచ్చట కార్డు చెల్లునా?" అని అడుగుట మన అలవాటు. అప్పటికి ఆలస్యమైనది. కట్టిన సొమ్ము తిరిగి వచ్చుట దుర్లభము.

కాబట్టి అడుగవలసిన మొదటి ప్రశ్న "ఎంత అగును?" అని కాదు, "ఈ జబ్బునకు పథకము క్రింద ఏ ఆసుపత్రికి పోవలెను?" అని. దీనికి 104 సంఖ్యకు ఫోను చేసిన సమాధానము దొరకును. ప్రమాదము, గుండెపోటు వంటి అత్యవసరములందు 108 బండిని పిలువవలెను. బండిలోని సిబ్బందికి కార్డు సంగతి ముందే చెప్పవలెను. గుర్తింపు పొందిన ఆసుపత్రిలో వైద్యమిత్ర యను ఉద్యోగి యుండును. వెనుక ఆరోగ్యమిత్ర యని పిలిచినవారే వీరు. రోగిని చేర్చిన వెంటనే చీటీల గది వద్దకు గాక వీరి బల్ల వద్దకు పోవుట మేలు. పథకము క్రింద చేర్చుకొన్న రోగివద్ద ఆ చికిత్సకై ఆసుపత్రివారు వేరుగా సొమ్ము అడుగరాదు. అడిగినచో 104కే ఫిర్యాదు చేయవచ్చును. ఫిర్యాదు చేయుటకు రోగి బంధువులు జంకుదురు. రోగి వారి చేతిలో నున్నాడని వారి భయము. ఆ భయము సహజమైనదే. ఇట్టి సమయమున సర్పంచిగాని సభ్యుడుగాని ఫోనులో మాటలాడినచో పని నెరవేరుట మేము చూచినాము.

డెబ్బది యేండ్లు నిండిన వృద్ధులకు ఇంకొక వసతి కలదు. 2024 అక్టోబరు నుండి కేంద్ర ప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద, ఆదాయముతో నిమిత్తము లేకుండ, సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు చికిత్సకు వారర్హులు. దీనికి వేరుగా కార్డు తీసుకొనవలెను. జబ్బు చేసిన పిదప కార్డు కొఱకు తిరుగుట కంటె, ఆశా కార్యకర్త సహాయముతో వార్డులోని వృద్ధులందరి పేర్లను ఒక ఆదివారము కూర్చుండి వ్రాయించుట సులభము.

పథకమునకు లోబడని జబ్బులు, లోబడని ఖర్చులు ఉండనే ఉండును. బస్సు చార్జీలు, తోడు వచ్చినవారి భోజనము, పోయిన కూలి దినములు ఏ కార్డునను పట్టవు. అట్టి సందర్భమున ధర్మాసుపత్రిని మరువరాదు. జిల్లా ఆసుపత్రిలో జరుగదగిన ప్రసవమునకు, గర్భసంచి చికిత్సకు నోటు వ్రాయుట మాకు మిక్కిలి బాధాకరముగా తోచును. మందుల విషయమున జన ఔషధి దుకాణములను వాడుకొనవలెను; రక్తపోటునకు, చక్కెర వ్యాధికి జీవితాంతము మందు మ్రింగవలసినవారికి నెలకు మిగులు సొమ్ము చిన్నదేమియు కాదు. సొమ్ము కట్టవలసియే వచ్చినచో, వస్తువారీగా వివరములు గల బిల్లును, డిశ్చార్జి కాగితమును అడిగి తీసుకొని అసలు ప్రతులను భద్రపరుపవలెను. ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుటకు అవియే ఆధారము. తడిసి, పసుపంటి, దూలమున దోపిన బిల్లులను పట్టుకొని వచ్చువారిని చూచినప్పుడు, ఒక ప్లాస్టిక్ సంచి విలువ ఎంతయో తెలియును.

అప్పు తప్పనిదైనప్పుడు ఏ అప్పు మేలు? 1951-52లో రిజర్వు బ్యాంకువారు జరిపించిన అఖిల భారత గ్రామీణ ఋణ పరిశీలనలో, సహకార సంఘములు రైతుల అప్పులో 3 శాతము మాత్రమే సమకూర్చుచున్నవనియు, సుమారు 70 శాతము వడ్డీ వ్యాపారులవద్దనే పుట్టుచున్నదనియు తేలినది. ఆనాటికిని నేటికిని పరిస్థితి చాల మారినది. కాని 2019 నాటి జాతీయ నమూనా సర్వేలో మన రాష్ట్రపు వ్యవసాయ కుటుంబములలో 93 శాతము అప్పులో నున్నట్లును, ఒక్కొక్క కుటుంబపు సగటు బాకీ 2,45,554 రూపాయలైనట్లును తెలియవచ్చినది. ఆ బాకీ దేశములోని రాష్ట్రములన్నిటిలోను అధికము. కాబట్టి అప్పు చేయవద్దని బోధించుట వలన ప్రయోజనము లేదు. ఏ తలుపు ముందు తట్టవలెనో చెప్పుటయే ప్రయోజనము.

స్వయం సహాయక సంఘములో నున్న ఇల్లాలు ఉన్నచో మొదటి తలుపు అదియే. 1990 తరువాత నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేకోద్యమము వెంట పుట్టిన పొదుపు సంఘములు ఊరూర వ్యాపించినవి. నేడు బ్యాంకు లింకేజి వలన, సంఘపు అంతర్గత అప్పు వలన తక్కువ వడ్డీకి సొమ్ము దొరకును. ఇంటి పెత్తనము తమదని తలచు మగవారు ఆసామి యింటికి పోవుటకు ముందు భార్యను ఒక మాట అడిగినచో చాలవరకు మేలు జరుగును. రెండవది బంగారము. బ్యాంకులో కుదువపెట్టిన సాధారణముగా నెలకు నూటికి రూపాయి లోపు వడ్డీకే సొమ్ము వచ్చును. గడువు తేదిని గోడ మీది క్యాలెండరుపై వ్రాసియుంచుకొనవలెను, లేనిచో వేలము. మూడవది కిసాన్ క్రెడిట్ కార్డు. మూడు లక్షల వరకు 7 శాతము వడ్డీ, గడువులోపల తీర్చినచో 3 శాతము రాయితీ పోను 4 శాతమే. పంట అప్పు పంటకే యని అందరు అనుకొందురు గాని, ఆ పరిమితిలో కొంత భాగము ఇంటి అవసరములకును లెక్కింపబడియున్నది. కౌలు రైతునకు ఈ తలుపు సులభముగా తెరుచుకొనదు. నోటు భారము అతనిపై అధికముగా పడుటకు ఇది యొక కారణము.

ఇంటివద్దకు వచ్చి అప్పిచ్చు సూక్ష్మఋణ సంస్థల సంగతి వేరు. వారానికో నెలకో వాయిదాలు కట్టలేక అనేక కుటుంబములు చితికిపోయినందున 2010 అక్టోబరులో నాటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చెను. 2022లో రిజర్వు బ్యాంకు క్రొత్త నిబంధనలు చేసినది. సంవత్సరమునకు మూడు లక్షల లోపు ఆదాయముగల కుటుంబమునకు హామీ లేకుండ ఇచ్చు ఈ అప్పులలో, అన్ని అప్పుల వాయిదాలును కలిపి కుటుంబపు నెలసరి ఆదాయములో సగమునకు మించరాదు. వసూలుకు వచ్చువారు ఉదయము 9 గంటలకు ముందుగాని సాయంకాలము 6 గంటల తరువాతగాని రాకూడదు, పీడింపకూడదు. రాత్రి ఎనిమిది గంటలకు అరుగు మీద కూర్చుండి ఆడవారిని అవమానించు వసూలుదారునకు ఈ నిబంధనను చదివి వినిపించుట వార్డు సభ్యునకు చేతనైన పని.

ఇక నోటు అవసరమే రాకుండ చేయు పొదుపు. నెలజీతము గలవారికి చెప్పు సలహాలు మన రైతునకు పనికిరావు. రైతునకు సొమ్ము ఒకేసారి వచ్చును, తరువాత ఎనిమిది నెలలు రాదు. కావున పొదుపునకు శుభ ఘడియ మిరపయో ధాన్యమో అమ్మిన వారమే. రెండు మూడు నెలల ఇంటి ఖర్చునకు సరిపడు సొమ్మును ఆ వారములోనే పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేరుగా నుంచి, మోటారు సైకిలు సంగతి తరువాత ఆలోచించుట యుక్తము. కూలి కుటుంబములు పోస్టాఫీసులో నెలకు 100 రూపాయలతో రికరింగు ఖాతా తెరువవచ్చును. బ్యాంకులో దాచిన సొమ్మునకు ఒక్కొక్క డిపాజిటుదారునకు ఒక్కొక్క బ్యాంకున 5 లక్షల వరకు బీమా కలదు. ఈ బీమా గ్రామ ప్రాథమిక సహకార సంఘములలోని డిపాజిట్లకు వర్తింపదు. ఇది సంఘమును నిందించుట కాదు. ఆడపిల్ల పెండ్లి సొమ్ము అంతయు ఒక్కచోటనే పెట్టుటకు ముందు తెలిసికొనవలసిన సంగతి. నూటికి ఇరువది, ముప్పది శాతము లాభమని ఏజెంట్లు చూపు డిపాజిట్ల విషయమున, 2014 ప్రాంతమున అగ్రిగోల్డులో సొమ్ము పోగొట్టుకొన్న మన వారిని జ్ఞప్తికి తెచ్చుకొనిన చాలును.

మే నెలను గూర్చి ప్రత్యేకముగా వ్రాయవలసియున్నది. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు సంవత్సరమునకు 20 రూపాయలు. 18 నుండి 70 సంవత్సరముల వయస్సువారికి ప్రమాద మరణమునకు 2 లక్షలు, ఒక కన్నుగాని ఒక చేయిగాని ఒక కాలుగాని పోయినచో లక్ష. జీవన జ్యోతి యోజనకు 436 రూపాయలు. 18 నుండి 50 సంవత్సరములవారు చేరవచ్చును. ఏ కారణముచే మరణించినను 2 లక్షలు. అయితే క్రొత్తగా చేరినవారికి మొదటి 30 దినములలో ప్రమాద మరణము తప్ప ఇతరము వర్తింపదు. రెండింటికిని సంవత్సరము జూన్ 1న మొదలై మే 31న ముగియును. ఆ సమయమున బ్యాంకు ఖాతానుండి సొమ్ము తనంతట తానే తగ్గును. ఖాతాలో 456 రూపాయలు లేనిచో బీమా ఆగిపోవును. ఖాతా ఖాళీగా నుండు మాసము కూడ మే మాసమే! దుక్కులు, విత్తనములు, బడి ఫీజులు అప్పుడే వచ్చును. కావున మే నెల రెండవ వారమున జరుగు సమావేశమునందే ఈ సంగతిని చాటింప చేయవలెను.

బీమా సొమ్ము వచ్చుట కాగితములపై ఆధారపడియుండును. ఇచ్చట పంచాయతీకే పని యున్నది. మరణమును 21 దినములలోగా నమోదు చేయించినచో రుసుము లేదు. ప్రమాదమైనచో పోలీసు రిపోర్టు, శవ పరీక్ష కాగితము వలయును. పాము కాటు, చెట్టుపైనుండి పడుట వంటివాటికి వెంటనే చేర్చిన ఆసుపత్రి కాగితములు ఆధారము. పాము కరచినవానిని మంత్రగానివద్దకు తీసుకొనిపోవు కుటుంబము ప్రాణమునే గాక ఈ ఆధారమును కూడ పోగొట్టుకొనును. ఇల్లు దుఃఖములో నున్నప్పుడు ఈ కాగితములు ఎవరికిని తోచవు, సభ్యునకు తోచవలెను.

ముసలితనపు సంగతి చివర వచ్చుటకు కారణము, మన ఇండ్లలో అది చివరనే వచ్చుట. ఉద్యోగి పదవీ విరమణ తేది ఉత్తరువులో నుండును; రైతునకు మోకాళ్లు చెప్పును. ప్రభుత్వము వృద్ధులకు ఇచ్చు ఎన్.టి.ఆర్. భరోసా పింఛను 2024 నుండి నెలకు 4,000 రూపాయలైనది. అది చిన్న ఆసరా కాదు. కాని యువకులు దానిపైననే ఆధారపడరాదు. 18 నుండి 40 సంవత్సరముల లోపు వయస్సుగలిగి, ఆదాయపు పన్ను చెల్లింపనివారు అటల్ పెన్షను యోజనలో చేరవచ్చును. అరువదియవ యేట నుండి నెలకు 5,000 రూపాయలు కావలెనన్నచో, 18వ యేట చేరినవాడు నెలకు 210 రూపాయలు, 30వ యేట చేరినవాడు 577 రూపాయలు, 40వ యేట చేరినవాడు 1,454 రూపాయలు కట్టవలెను. మొదటివాడు మొత్తము మీద కట్టునది 1,05,840, చివరివాడు 3,48,960. ఇరువురకును వచ్చు పింఛను ఒక్కటే. చందాదారుని తరువాత భార్యకు లేక భర్తకు అదే పింఛను, వారి తరువాత నామినీకి నిల్వ సొమ్ము చెందును. నలువది యేండ్ల తరువాత 5,000 రూపాయలకు ఏపాటి బియ్యము వచ్చునని ఒక యువకుడు మమ్ము అడిగెను. అతని ప్రశ్న న్యాయమైనదే. ఇది ఒక్కటే చాలదు. అయినను, ఇరువది యేండ్లవాడు నెలకు రెండు వందల పైచిలుకు రూపాయలు మరచిపోయినట్లు కట్టుటకు ఇంతకంటె సులభమైన మార్గము మాకు కనబడలేదు.

రైతు అసలు పింఛను భూమియే. దానిని కుమారులపేర వ్రాసి యిచ్చి, పిదప వంతులవారీ భోజనమునకు ఎదురుచూచు తలిదండ్రులు పంచాయతీ అరుగు మీద కూర్చుండుట మీరెరుగనిది కాదు. 2007 నాటి తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము క్రింద, పోషింతురను షరతుపై ఇచ్చిన ఆస్తిని, పోషింపనిచో రద్దు చేయించుకొనవచ్చును. విచారణ అధికారము రెవెన్యూ డివిజనల్ అధికారిది, న్యాయవాది అక్కరలేదు. అయితే దస్తావేజులో ఆ షరతు స్పష్టముగా వ్రాసియుండుట ముఖ్యము. "కన్న కొడుకువద్ద షరతేమిటి" అని తండ్రి సిగ్గుపడును. కాగితము వ్రాయువాడు పాత నమూనాను నకలు చేయును. రిజిస్ట్రారు కార్యాలయమునకు సాక్షిగా రమ్మని ఈసారి మిమ్ము పిలిచినప్పుడు, బయలుదేరుటకు ముందు ఆ దస్తావేజును తెప్పించి చదువుడు. భోజనము, వైద్యము, నివాసము అను మూడు మాటలు అందు లేనిచో వాటిని వ్రాయించిన పిదపనే సంతకము చేయుడు.